డిసెంబరు యుద్ధం, జులై చరిత్రకారులు

అమెరికా అంతర్యుద్ధంలో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధం జరిగింది డిసెంబరులో. 1862 డిసెంబరు 11న ఉత్తరాది సైన్యం రాపహానక్ నది మీద పడవలతో వంతెనలు కట్టింది. 13న ఒక రాతిగోడ మీదికి దండు తర్వాత దండుగా వెళ్ళి కూలిపోయింది. 15 రాత్రి, మిగిలినవాళ్ళు నది దాటి వెనక్కి వెళ్ళిపోయారు. ఈ సంగతి వినడానికి జనం వచ్చేది మాత్రం జూన్, జులై నెలల్లో, పిల్లలకి బడి సెలవులిచ్చాక. అందుకని ఆ యుద్ధభూమిని చూసుకునే ప్రభుత్వ పార్కువాళ్ళు చెప్పేవాళ్ళనీ అప్పుడే పెట్టుకుంటారు. పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడుకున్నట్టు వేసవికి చరిత్రకారుల్ని మాట్లాడుకుంటారన్నమాట. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోతుంటే, డిసెంబరు రాత్రి గాయపడి బయలు నేల మీద పడి ఉన్న మనుషుల చలి గురించి చెప్పే ఆ ఉద్యోగం నేనూ కొన్ని వేసవులు చేశాను.

చేసినంత కాలం ఇష్టంగానే చేశాను. ఇప్పుడు ఆ యూనిఫాం ఒంటి మీద లేదు కాబట్టి ఒక మాట అంటాను. ఇలాంటి చోట్ల చరిత్ర చెప్పే పనిని ఆరు నెలల ఉద్యోగంగా ఉంచడం తప్పు. జీతం సంగతి తర్వాత చూద్దాం. రేపు ఉంటానో లేదో తెలియని మనిషి నోట జనానికి నచ్చని నిజం పలికించడం కష్టం. యుద్ధభూమిలో చెప్పాల్సింది ఎక్కువగా అలాంటి నిజమే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. ఫ్రెడరిక్స్‌బర్గ్ వర్జీనియాలో, వాషింగ్టన్‌కీ రిచ్‌మండ్‌కీ ఇంచుమించు మధ్యలో ఉంటుంది. దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ ఉత్తరాదికీ జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది రాజధాని ఒకటి, దక్షిణాది రాజధాని ఇంకొకటి. వాటి మధ్య ఉన్న పాపానికి ఈ ఊరి చుట్టుపక్కల నాలుగు పెద్ద యుద్ధాలు జరిగాయి: ఫ్రెడరిక్స్‌బర్గ్, చాన్సలర్స్‌విల్, విల్డర్‌నెస్, స్పాట్సిల్వేనియా. ఆ నాలుగు చోట్లనీ కలిపి 1927లో సైనిక పార్కుగా ప్రకటించారు. మొదట యుద్ధశాఖ చూసుకునేది, 1933లో జాతీయ పార్కుల్ని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీసు చేతికొచ్చింది. పార్కంటే ఉయ్యాలలు, జారుడుబల్లలు ఉంటాయనుకుని వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. పెద్దవాళ్ళు కూడా తక్కువ తినలేదు. యుద్ధాలన్నీ సరిగ్గా పార్కుల్లోనే ఎలా జరిగాయని ఒకాయన అడిగాడని మా వాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఇలాంటి జోకు ప్రతి యుద్ధభూమిలోనూ ఉందట.

కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం సీజనల్ ఉద్యోగి ఏడాదికి 1,040 గంటల లోపే పనిచేయాలి. అంటే ఇంచుమించు ఆరు నెలలు. పింఛను ఉండదు. వచ్చే ఏడాది పిలుస్తారన్న హామీ ఉండదు. కానీ టోపీ మాత్రం పర్మనెంటు వాళ్ళదీ మాదీ ఒకటే, ఆ వెడల్పు అంచు గడ్డి టోపీ. ఎండలో నా ఎదురుగా నిలబడ్డ మనిషికి నేను ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఉద్యోగినో, మే నెలలో చేరి అక్టోబరులో ఇంటికి పోయేదాన్నో తెలియదు. నేనేం చెబితే అదే అమెరికా ప్రభుత్వం చెప్పే చరిత్ర.

మా మాట మేమే రాసుకోవాలి. ఇది చాలామందికి తెలియదు, పైనుంచి ఒక కాగితం వస్తే బట్టీ పడతామనుకుంటారు. చేరిన మొదటి వారాల్లో లైబ్రరీలో కూర్చోబెడతారు. సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల నకళ్ళు, డైరీలు సంపుటాలుగా బైండు చేసి ఉంటాయక్కడ. వాటిని చదివి, నేల మీద నడిచి, అరగంట పైచిలుకు నడక ప్రసంగం ఒకటి తయారుచేసుకోవాలి. ఒకరోజు పై అధికారి సందర్శకుల్లో కలిసి వెనకాల నిలబడి వింటారు. ఐటీలో ఎన్నో క్లయింట్ కాల్స్ చేశాను గానీ ఆ రోజు పడ్డంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. ఊరి వెనక మేరీస్ హైట్స్ అనే మిట్ట, దాని పాదాల దగ్గర బళ్ళ చక్రాలకి అరిగి లోతైపోయిన రోడ్డు, రోడ్డంచున నడుమెత్తు రాతిగోడ. దాని వెనక దక్షిణాది సైన్యంలోని జార్జియా, నార్త్ కరొలైనా వాళ్ళు నిలబడి కాల్చారు. ముందున్నది చదునైన పొలం. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఉత్తరాది దళాలు వస్తూనే ఉన్నాయి, ఒక్కరూ గోడని చేరలేదు. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధం మొత్తంలో ఉత్తరాదికి సుమారు 12,600 మంది నష్టం, చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ దొరక్కుండా పోయినవాళ్ళూ కలిపి. దక్షిణాదికి సుమారు 5,300. ఇప్పుడు కనిపించే గోడలో చాలా భాగం తర్వాత కట్టిందే, అసలుది కొంత ముక్క మిగిలింది. ఆ ముక్కని ముట్టుకోవడానికి పిల్లలు పోటీ పడతారు. పెద్దలు ఫొటోలు తీసుకునేది మాత్రం దానికి కాస్త దూరంలో ఉన్న విగ్రహం దగ్గర.

ఆ విగ్రహం రిచర్డ్ కర్క్‌లాండ్‌ది. సౌత్ కరొలైనా సార్జెంటు. యుద్ధం మర్నాడు గోడకి అవతల దాహంతో మూలుగుతున్న శత్రు సైనికుల్ని చూడలేక, గోడ దూకి వెళ్ళి నీళ్ళు తాగించాడని కథ. 1965లో పెట్టారు. చూసినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి, నావీ చెమర్చాయి. అయితే ఈ కథ మొదట అచ్చులోకి వచ్చింది 1880లో, అతని మాజీ కమాండరు కెర్షా ఒక పత్రికకి రాసిన ఉత్తరంలో. అప్పటికి కర్క్‌లాండ్ చనిపోయి పదహారేళ్ళు దాటింది, 1863 సెప్టెంబరులో చికమాగా యుద్ధంలో పోయాడు. అలాంటి సంఘటన ఏదో జరిగే ఉంటుందని కొందరు చరిత్రకారులు అంటారు, ఆధారం చాలదని మరికొందరు. గోడకి అవతల ఎవరో ఎవరికో నీళ్ళిచ్చారని వేరే సాక్ష్యాలు కొన్ని ఉన్నాయి గానీ, ఈ పేరుతో ఈ కథ మాత్రం ఆ ఉత్తరం నుంచే మొదలవుతుంది.

దీన్ని ఎలా చెప్పాలి? కథ చెప్పి ఊరుకుంటే అందరూ సంతోషంగా వెళ్తారు. కథతోపాటు 1880 అన్న సంవత్సరం కూడా చెబితే ఎవరో ఒకరు ముఖం ముడుచుకుంటారు. నేను రెండూ చెప్పేదాన్ని. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగేదాన్ని. అంతర్యుద్ధం అయిపోయిన పదిహేనేళ్ళకి, ఉత్తరం దక్షిణం మళ్ళీ చేతులు కలుపుతున్న రోజుల్లో, దేశానికి ఇలాంటి కథ ఎందుకు కావలసివచ్చింది? 1965లో, యుద్ధపు నూరేళ్ళ ఉత్సవాల వేళ, విగ్రహంగా ఈ కథనే ఎందుకు ఎంచుకున్నారు? ఇక్కడి నుంచి సంభాషణ అసలు దారిలో పడేది. కొందరు అక్కడే ఆగిపోయి కారెక్కేవాళ్ళు కూడా.

అసలు దారి అంటే బానిసత్వం. ఎవరు ఎటువైపు నుంచి వచ్చారు, ఫిరంగులు ఎక్కడ పెట్టారు అని ఎంతసేపైనా చెప్పొచ్చు, ఎవరికీ కోపం రాదు. ఈ పార్కులు దశాబ్దాల పాటు అలాగే నడిచాయి. దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ ప్రాణం పోయిన చిన్న ఇల్లు మా పార్కులో భాగమే. 2019 దాకా దాని అధికారిక నామంలో పుణ్యస్థలమన్న అర్థమే ఉండేది. 2000 సంవత్సరపు బడ్జెట్ సమయంలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఒక మాట చేర్చింది: అంతర్యుద్ధ భూముల్లో, యుద్ధానికి కారణంగా బానిసత్వం పాత్రని కూడా చెప్పేలా చూడండి అని. ప్రతినిధి జెస్సీ జాక్సన్ జూనియర్ చొరవ అది. యుద్ధం ముగిసిన నూట ముప్ఫై అయిదేళ్ళకి ఆ మాట చెప్పించుకోవాల్సి వచ్చింది.

గోడ దగ్గర నిలబడే ఆ కారణాన్ని చెప్పొచ్చు, వేరే చోటికి పోనక్కర్లేదు. గోడ వెనక జార్జియా దళాన్ని నడిపించి ఆరోజే ప్రాణం పోగొట్టుకున్న జనరల్ థామస్ కాబ్ వృత్తిరీత్యా లాయరు. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధానికి నాలుగేళ్ళ ముందు, 1858లో, బానిసత్వాన్ని సమర్థిస్తూ దాని చట్టం మీద పెద్ద గ్రంథం రాశాడు. దక్షిణాది రాజ్యాంగం రాసినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన ఎందుకు పోరాడాడో ఆయనే రాసిపెట్టుకున్నాడు, మనం ఊహించక్కర్లేదు. "రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం కదా ఇది?" అని గుంపులోంచి ఎవరో తప్పకుండా అడుగుతారు. నేను వాదన పెట్టుకునేదాన్ని కాదు. మిసిసిపీ రాష్ట్రం 1861 జనవరిలో విడిపోతూ ఇచ్చిన ప్రకటన నకలు సంచీలో ఉండేది. మొదట్లోనే ఉంటుంది, మా స్థానం బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని. చదవమని చేతికిచ్చేదాన్ని. చదివి "ఇది నాకెవరూ చెప్పలేదు" అన్నవాళ్ళున్నారు. "నువ్వెక్కడిదానివి, మా చరిత్ర మాకు చెబుతావా?" అన్నవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రశ్న నా పేరుబిళ్ళ చదివాక వచ్చేది.

ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు నదికి అవతల ఉంది. జాన్ వాషింగ్టన్ అని ఈ ఊళ్ళో బానిసగా పుట్టినవాడు, చదవడం రాయడం నేర్చుకున్నాడు, హోటల్లో పనిచేసేవాడు. 1862 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే నాడు ఉత్తరాది సైన్యం అవతలి ఒడ్డుకి వచ్చింది. యజమానులు ఊరొదిలి పారిపోతుంటే అతను నది దాటి స్వేచ్ఛలోకి నడిచాడు. ఆ వసంతంలో, వేసవిలో దాదాపు 10,000 మంది బానిసలు ఈ దారిన తప్పించుకున్నారు. అతను 1873లో తన జ్ఞాపకాలు రాసుకున్నాడు, అచ్చయింది 2007లో. గోడ దగ్గర ఈ మనిషి గురించి చెబితే, యుద్ధం గోడతో మొదలవలేదని తెలుస్తుంది. సైన్యాలు పోట్లాడుకోక ముందే ఈ ఊళ్ళో వేలమంది తమ తీర్పు తాము చెప్పేశారు. ఇది "వాళ్ళ చరిత్ర" అనుకునేవాళ్ళకి, వాళ్ళలో ఎవరి చరిత్ర అని అడగాలనిపిస్తుంది.

మనవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఆష్‌బర్న్, హెర్ండన్ వైపు తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వారాంతంలో ఎటో ఒకవైపు తిప్పాలి కదా. ఒకసారి ఒక పెద్దాయన గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏమ్మా, తెలుగమ్మాయివేనా? ఏ ఊరు?" అన్నారు.

"గుంటూరు దగ్గరండి."

"ఈ గోడ చూపించడానికా మావాడు ఇంత దూరం తీసుకొచ్చింది! మనకీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

సంబంధం ఉందండీ అన్నాను. యుద్ధం మొదలవగానే ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని మూసేశాయి, అమెరికా పత్తి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకి అందకుండా పోయింది. మిల్లులవాళ్ళు భారతదేశం వైపు తిరిగారు. బొంబాయి ఎలా వెలిగిందో అందరూ చెబుతారు, మన వైపు కాకినాడ రేవు పుంజుకున్నదీ ఆ రోజుల్లోనే, గుంటూరు ప్రాంతపు పత్తితో. బానిసలు తీసే పత్తి ఇక్కడ ఆగిపోవడంతో అక్కడ మన రైతు పత్తికి గిరాకీ వచ్చింది. 1865లో యుద్ధం ముగియగానే ధర కుప్పకూలింది, బొంబాయిలో బ్యాంకులు మునిగాయి.

ఆయన ఓపిగ్గా విని, "రైతుకి రేటొచ్చిందనుకునేలోపు పడిపోయిందన్నమాట. అదెప్పుడూ అంతేగా" అన్నారు. తర్వాత గోడ పొడుగునా నడిచి మళ్ళీ వచ్చి, పత్తి తీసిన బానిసలకి యుద్ధం అయ్యాక భూమి ఇచ్చారా అని అడిగారు. ఆ వేసవిలో నన్నెవరూ అడగని మంచి ప్రశ్న అది. చాలామందికి ఇవ్వలేదండీ, ఇస్తామన్నదీ వెనక్కి తీసుకున్నారు అని చెప్పాను. తర్వాత సీజన్లో దాన్ని నా ప్రసంగంలోనే చేర్చుకున్నాను. బోర్డు మీద రాసిపెట్టిన నాలుగు వాక్యాలతో ఇలాంటి సంభాషణ జరగదు. చెవిలో పెట్టుకునే ఆడియో టూరుతోనూ జరగదు. ఎదుటి మనిషి ఏ ఊరినుంచి వచ్చాడో చూసి, అతని ఊరి నుంచే దారి వేయడం మనిషి పని.

గోల్కొండకి వెళ్ళినప్పుడు నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం ఇంకా పెరిగింది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. గైడు చప్పట్లు కొడతాడు, మనం సంబరపడతాం. రామదాసు చెరసాల దగ్గర రామోజీ, లక్ష్మోజీ వచ్చి తానీషాకి డబ్బు కట్టిన కథ చెబుతాడు. ఆ కథ నాకూ ప్రాణమే. కానీ ఆ గైడు భోజనం మన టిప్పు మీద ఆధారపడింది. కథ చెప్పి, పక్కనే ఇది ఎప్పటి నుంచి ప్రచారంలో ఉందో, కోట దస్తావేజుల్లో ఏముందో చెప్పబోతే మనం చేతిలో పెట్టే నోటు చిన్నదవుతుంది. తప్పు గైడుది అనను. ఎవరి డబ్బుతో బతుకుతామో వాళ్ళకి నచ్చిన చరిత్ర చెప్పడం సహజం.

అమెరికా పార్కులో టిప్పు తీసుకోకూడదు. జీతం ప్రభుత్వానిది కాబట్టి ముఖం ముడుచుకున్న సందర్శకుడు నా జేబుని ఏం చేయలేడు. మిసిసిపీ ప్రకటన చేతికివ్వడానికి నాకు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. ఈ ఏర్పాటులో ఉన్న గొప్పతనం ఇదే. అయితే దాని రెండో వైపు కూడా ఉంది. జీతం ప్రభుత్వానిదైనప్పుడు ప్రభుత్వం ముఖం ముడుచుకుంటే ఏమిటి?

2025లో ఈ ప్రశ్నకి జవాబు కనిపించడం మొదలైంది. ఆ ఏడాది మొదట్లోనే సీజనల్ ఉద్యోగాల ఆఫర్లు రద్దయ్యాయి, గొడవయ్యాక మళ్ళీ అనుమతించారు. ఫిబ్రవరిలో పార్క్ సర్వీసులో ప్రొబేషన్లో ఉన్న దాదాపు 1,000 మందిని ఒక్క దెబ్బతో తీసేశారు. మార్చిలో, చరిత్ర చెప్పే తీరుని సరిదిద్దాలంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. వేసవికల్లా పార్కుల్లో క్యూఆర్ కోడ్ బోర్డులు వెలిశాయి: గతించిన లేదా జీవించి ఉన్న అమెరికన్ల గురించి ప్రతికూలంగా ఏదైనా సమాచారం కనిపిస్తే తెలియజేయండి అని. 2000లో కాంగ్రెస్ బానిసత్వం గురించి చెప్పమంది, పాతికేళ్ళకి గాలి అటు నుంచి ఇటు మారింది. మళ్ళీ మారుతుంది కూడా. ప్రభుత్వాలన్నాక ఆదేశాలు మారతాయి. జనరల్ కాబ్ 1858లో రాసిన గ్రంథం మాత్రం మారదు. దాన్ని చదివినవాడు ఈ గాలులకి ఊగకుండా చెప్పాలంటే ఉద్యోగానికి కనీస రక్షణ ఉండాలి. ఆరు నెలల మనిషిని తీసేయడానికి కారణం చూపించనక్కర్లేదు, వచ్చే ఏడాది పిలవకపోతే సరి. అది తెలిసిన మనిషి తనంతట తనే ఫిరంగుల కథలోకి వెనక్కి జారుకుంటాడు. ఎవరూ నోరు మూయించక్కర్లేదు.

ఈ రంగంలో అందరూ తలచుకునే ఫ్రీమన్ టిల్డెన్ అనే ఆయన 1957లోనే చెప్పాడు, ఇక్కడ బోధించడం కన్నా ఆలోచన రేకెత్తించడం ముఖ్యమని. శిక్షణలో మాకు ఇది మొదటి పాఠం. ఎదుటివాడిలో ఆలోచన రేపమని ఉద్యోగంలో అందరికన్నా బలహీనుడికి చెప్పడం ఎలాంటి ఏర్పాటో నాకు అర్థం కాదు.

దీనికి ఎదురు వాదనలు విన్నాను. చలికాలంలో సందర్శకులు పల్చగా ఉంటారు, అప్పుడు జీతమిచ్చి ఏం చేయించాలి అంటారు. చదివించాలి. లైబ్రరీ సంపుటాల్లో నేను తెరవనివి తెరిచినవాటికన్నా ఎక్కువ. మా ముత్తాత తమ్ముడు ఇక్కడ చనిపోయాడు, సమాధి ఎక్కడుందని ఉత్తరాలు వస్తాయి. వాటికి జవాబు చెప్పడం ఒక రోజు పని కాదు. మేరీస్ హైట్స్ మీది జాతీయ శ్మశానంలో 15,000 మందికి పైగా ఉత్తరాది సైనికులున్నారు, పేరు తెలిసినవాళ్ళు అయిదో వంతు కూడా లేరు. మిగతావాళ్ళకి చిన్న చతురస్రపు రాళ్ళు, వాటి మీద రెండు అంకెలు: పైది సమాధి సంఖ్య, కిందది ఆ గుంటలో ఎంతమంది ఉన్నారో. అక్కడికి వచ్చిన మనిషికి ఆ రెండో అంకె ఏమిటో చెబితే చాలు, వెళ్ళడానికి తొందరపడడు. ఈ రాళ్ళ వెనక రికార్డుల్ని ఏడాది పొడుగునా పట్టుకు కూర్చునే మనుషులు కావాలి. సీజనల్ ఉద్యోగి ఆగస్టుకి చేయి తిరుగుతాడు, ఆకులు రాలేసరికి వెళ్ళిపోతాడు. తర్వాతి మేలో ఇంకొకరు మొదటి సంపుటం తెరుస్తారు.

వలంటీర్లు లేరా అంటారు. ఉన్నారు, అద్భుతమైనవాళ్ళు ఉన్నారు, కొందరికి నాకన్నా పదిరెట్లు తెలుసు. కానీ జీతం లేకుండా వారానికి రెండు రోజులు రాగలిగేది ఎవరు? ఎక్కువగా పింఛను వస్తున్న, సొంత ఇల్లున్న పెద్దవాళ్ళు. అద్దె కట్టుకోవాల్సిన కుర్రాడికి ఆ దారి లేదు. మొత్తం వాళ్ళ మీదే వదిలేస్తే చెప్పేవాళ్ళంతా ఒకే వయసు, ఒకే రకం అనుభవం ఉన్నవాళ్ళవుతారు.

మూడో వాదన మాత్రం నన్ను కాస్త ఇబ్బంది పెడుతుంది. సీజనల్ తలుపు లేకపోతే నాలాంటిది లోపలికి వచ్చేదే కాదు. కంప్యూటర్ల దగ్గర సగం జీవితం గడిపి, పౌరసత్వం వచ్చాక, సాయంత్రం క్లాసుల్లో చరిత్ర చదువుకున్న గుంటూరు జిల్లా మనిషిని ఎవరూ నేరుగా పర్మనెంటు పోస్టులో కూర్చోబెట్టరు. వేసవి ఉద్యోగం కాబట్టే ప్రయోగం చేసి చూశారు. ఇది నిజం. అందుకే ఆ తలుపు మూయమనను. లోపలికొచ్చి, రెండు మూడు సీజన్లు బాగా చేసినవాళ్ళకి మేడ మీదికి మెట్లు కట్టమంటాను. ఇప్పుడు చాలామందికి మెట్లు లేవు. ఏటా అదే తలుపు దగ్గర అదే దరఖాస్తుతో నిలబడాలి. నాతో పనిచేసిన ఒకమ్మాయి వేసవిలో యుద్ధభూమి, చలికాలంలో ఫ్లోరిడాలో ఇంకో పార్కు, మధ్యలో కారులో సామాను, ఇలా ఏళ్ళ తరబడి తిరిగింది. చివరికి బీమా కంపెనీలో చేరింది. ఆ అమ్మాయి గోడ దగ్గర మాట్లాడుతుంటే ఐస్‌క్రీమ్ కరిగిపోతున్నా పిల్లలు కదిలేవాళ్ళు కాదు.

ఈ పని చేయాలనుందని కొందరు అడుగుతుంటారు. అమెరికా పౌరులై ఉండాలి, అది తప్పదు. ప్రకటనలు చలికాలంలోనే ప్రభుత్వ ఉద్యోగాల సైటులో పడతాయి, కొన్ని రోజుల్లోనే మూసేస్తారు. దరఖాస్తులో డిగ్రీల కన్నా జనం ముందు నిలబడి మాట్లాడిన అనుభవం వివరంగా రాయండి, బళ్ళో పాఠం చెప్పినా, గుళ్ళో కార్యక్రమాలు నడిపినా పనికొస్తుంది. పార్కు చూడ్డానికే వెళ్ళేవాళ్ళయితే వీలుంటే డిసెంబరు రెండో వారంలో వెళ్ళండి. ఆకులుండవు కాబట్టి నేల ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. టోపీ పెట్టుకున్న మనిషి కర్క్‌లాండ్ కథ చెబితే అది ఎప్పుడు అచ్చయిందని అడగండి. జవాబు తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న ఎంత సంతోషమో నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు వాళ్ళ గురించి నాలుగు మంచి ముక్కలు రాసి పై అధికారికి పంపండి. సీజనల్ మనిషికి వచ్చే ఏడాది పిలుపు రావడానికి ఆ ఉత్తరం కూడా పనికొస్తుంది.